రెండు జతలు, కింది భాగం మాత్రమే

దోహాకి కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, తెలియని ఇంగ్లీషు మాట ఎదురైతే నాకు భయం వేసేది. భయపడాల్సింది తెలిసిన మాటకని అప్పటికి తెలియదు. తెలియని మాట దగ్గర మనిషి ఆగుతాడు, నిఘంటువు తీస్తాడు, పక్కవాళ్ళ మొహం చూస్తాడు. తెలిసిన మాట దగ్గర ఎవరూ ఆగరు. నేను పుస్తకాలు చదివే పిల్లని కాబట్టి చాలా మాటలు తెలుసనుకునేదాన్ని (చదువుతానని ఎవరికీ చెప్పేదాన్ని కాదు, మా పిన్ని లెక్కలో పుస్తకం పట్టిన ఆడపిల్లకి కళ్ళు పోతాయి, పొయ్యి మీద కూర మాడిపోతుంది, రెండూ ఒకేసారి జరుగుతాయి). పైగా నాకు అడగడం చేతకాదు. ఎవరినైనా ఒక ప్రశ్న అడగాలంటే ముందు దాన్ని డైరీలో రాసుకుని, బాగా లేదని కొట్టేసి, మళ్ళీ రాసుకునేదాన్ని. ఈలోగా పని జరిగిపోయేది, ఏదో ఒక రకంగా.

మా పిన్ని మదీనత్ ఖలీఫాలో ఒక పెద్ద విల్లాలో వంటమనిషి. చాలా ఏళ్ళుగా అక్కడే ఉంది. ఆ ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో యజమానులకి తెలియదు, ఆమెకి తెలుసు; ఆమె బలమంతా అదే. డిగ్రీ పూర్తి చేసి పాలకొల్లులో ఖాళీగా కూర్చున్న నన్ను, "డిగ్రీ పట్టుకుని ఈ దేశం వస్తే మంచినీళ్ళు కూడా పొయ్యరే, చేతిలో ఏదో ఒక పని పెట్టుకుని రా" అని ఫోన్లో పోరుపెట్టి బ్యూటీషియన్ కోర్సు చేయించింది. తర్వాత మేడమ్‌తో మాట్లాడి తన దగ్గరికే రప్పించింది. పేరుకి నా డ్యూటీ మూడేళ్ళ చిన్నపాపని చూసుకోవడం. గౌరవం తెచ్చింది మాత్రం వ్యాక్సింగ్. పంచదార, నిమ్మరసం, కాసిని నీళ్ళు కలిపి బంగారు రంగు వచ్చేదాకా మరిగించి చల్లారిస్తే జిగురుముద్ద అవుతుంది. కాళ్ళకి పూసి, గుడ్డ పట్టీ అంటించి, ఒక్క లాగు లాగితే వెంట్రుకలు దానితో వచ్చేస్తాయి. ఇక్కడివాళ్ళు దాన్ని హలావా అంటారు. నా పాకం ఎప్పుడూ పదును తప్పేది కాదు (అరిసెల పాకం చూస్తూ పెరిగిన కళ్ళు మరి). మేడమ్ నోట 'వ్యాక్స్' అన్న మాట వస్తే నా చెయ్యి పంచదార డబ్బా మీదకి వెళ్ళేది. ఆ మాటకి ఇంకో అర్థం ఉంటుందని అనుమానించే అవసరం నాకెప్పుడూ రాలేదు.

ఆ కుటుంబం ఏటా చలికాలం సెలవుల్లో యూరప్‌లో మంచుకొండలకి వెళ్ళేది. ఎప్పుడూ వెంట వెళ్ళే ఫిలిప్పీన్ ఆయా ఆ ఏడు పెళ్ళి చేసుకోవడానికి తన దేశం వెళ్ళింది. "ఈసారి పాపతో నువ్వు వస్తావు" అంది మేడమ్, చెప్పుల షాపులో సైజు చెప్పినంత మామూలుగా. ఆ ఇంటి డ్రైవరు జగిత్యాల వైపు మనిషి, ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే పెద్దాయన. ఆయన్ని నేను చిచ్చా అనేదాన్ని. వేలిముద్రలు ఇవ్వడానికి వీసా ఆఫీసుకి ఆయనే తీసుకెళ్ళాడు. కొన్నాళ్ళకి నా పాస్‌పోర్టులో ఒక పేజీ నిండా వీసా అతుక్కుని వచ్చింది. అందులో నా ఫొటో దొంగతనం ఒప్పేసుకున్నదానిలా ఉంది. అయినా రోజూ తీసి చూసుకునేదాన్ని.

తెలుగులో మంచు అనేది ఒక్కటే మాట. పొద్దున్నే కాలవగట్టు మీద కమ్ముకునే పొగా మంచే, గడ్డి మీద తడీ మంచే, కొండల మీద పేరుకునే తెల్లదనమూ మంచే. మా పిన్ని మొదటి రెండింటితో సరిపెట్టుకుంది. "మంచు చూడ్డానికి అంత దూరం ఎందుకే, ధనుర్మాసంలో మన ఊళ్ళో కురవదా? వంతెన మీద లారీలు గుద్దుకునేటంత కురుస్తుంది" అనేది. నేను దాచుకుని చదివిన అనువాద నవలల్లో మాత్రం మూడో మంచు ఉండేది. అందులో మనుషులు బయటినుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి, బూట్లు నేలకేసి కొట్టి మంచు దులుపుకుని లోపలికి వచ్చేవాళ్ళు. నాకు కావలసింది ఆ దులుపుకోవడం. కొండలూ వద్దు, జారడమూ వద్దు. ఒక గుమ్మంలో నిలబడి ఒక్కసారి బూట్లు దులుపుకోవాలి. పుట్టి బుద్ధెరిగాక నేను ఏదైనా గట్టిగా కోరుకున్నానంటే అదే.

ప్రయాణం దగ్గర పడ్డాక ఒక సాయంత్రం మేడమ్ కారులోంచి వాయిస్ మెసేజ్ పంపింది. వెనకాల హారన్ల మోత. అర్థమైనంతవరకు ఇదీ సంగతి: ఈసారి షాపులో కుదరదట, వ్యాక్స్ ఇంట్లోనే చేసేయాలట. రెండు జతలు. కింది భాగం మాత్రమే. అంచుల దగ్గర జాగ్రత్త. పైగదిలో బల్ల మీద అన్నీ సిద్ధంగా ఉన్నాయి. యల్లా, అంటే త్వరగా కానీ అని.

ఇందులో నాకు అర్థం కానిది ఏదీ లేదు. షాపంటే బ్యూటీ పార్లరు. రెండు జతలంటే రెండు జతల కాళ్ళు, మేడమ్ పెద్దకూతురు పెద్దపాపవి ఒకటి, ఆ అమ్మాయి పిన్ని కూతురివి ఒకటి. కింది భాగమంటే మోకాళ్ళ కింద. అంచులంటే చీలమండ ఎముక దగ్గర, అక్కడ చర్మం పల్చన కాబట్టి నిజంగానే జాగ్రత్తగా ఉండాలి. మేడమ్ ఇంత వివరంగా చెప్పడం చూసి ముచ్చటేసింది కూడా. గిన్నెడు పాకం కాచి, పట్టీలు భుజాన వేసుకుని పైకి వెళ్ళాను.

గదిలో కాళ్ళు లేవు. బల్ల మీద రెండు జతల పొడవాటి చెక్కలు వెల్లకిలా పడుకుని ఉన్నాయి. మంచు మీద జారేటప్పుడు కాళ్ళకి తగిలించుకునే స్కీలు అవేనని బొమ్మల్లో చూసి ఎరుగుదును. రెండు జతలు. కింది భాగం పైకి. అంచులకి పదునైన ఇనుప రేకు. అప్పటికి మేడమ్ మాటల్లో సగం నాకు సరిగ్గా అర్థమైంది, సగం అర్థం కావడమే నన్ను ముంచింది. ఏమీ అర్థం కాకపోయి ఉంటే కిందకి దిగి వచ్చేదాన్ని. ఏ వస్తువుకో తెలిసింది కాబట్టి, ఏ వ్యాక్సో అన్న ప్రశ్న రాలేదు. పక్కనే ఒక పెట్టె ఉంది. అందులో మూడు రంగుల సబ్బు బిళ్ళలు ఉంటే తీసి, చుట్టాల స్నానాలగదిలో సబ్బుగిన్నెలో అందంగా సర్దాను. ఆవిరి చిల్లులు లేని చిన్న ఇస్త్రీపెట్టె ఉంటే బట్టల గదిలో పెట్టాను. ప్లాస్టిక్ రేకు ఒకటి, బ్రష్షు ఒకటి ఉంటే దేనికో తెలియక అక్కడే వదిలేశాను. అంటే, కావలసిన సరంజామా మొత్తాన్ని ఇల్లంతా పంచిపెట్టి, నాకు తెలిసిన పని మొదలుపెట్టాను.

ఒక్కసారి అనుమానం రాకపోలేదు. మెట్ల దగ్గరికి వచ్చి, "పిన్నీ, చెక్కలకి హలావా పూస్తారా?" అని అడిగాను.

"డబ్బున్నోళ్ళు దేనికైనా పూస్తారే. చెప్పింది చెయ్యి, అడగమాక" అంది పిన్ని కిందనుంచి, ఉల్లిపాయలు తరుగుతూ.

పూశాను. చాలా నున్నగా పూశాను. పట్టీ అంటించి లాగాలా అని కాసేపు ఆలోచించి, చెక్కలకి వెంట్రుకలు లేవు కదా అని ఆగిపోయాను (నా తెలివి మీద నాకు ఇప్పటికీ మిగిలిన గౌరవం అదొక్కటే). ఆరడం లేదని కిటికీ కొంచెం తెరిచి, తలుపు దగ్గరికి వేసి వచ్చి, ఆ రాత్రి డైరీలో 'ఇవాళ కొత్త పని నేర్చుకున్నాను' అని రాసుకున్నాను.

తెల్లారేసరికి తోటలో చీమలకి వార్త అందింది. కిటికీ చట్రం మీదుగా, గోడ దిగి, బల్ల కాలు ఎక్కి, స్కీల మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా బారులు తీరాయి. మొదట చూసింది పెద్దపాప. కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. వేలితో కొంచెం అంటుకుని నాకి చూసి, "స్వీట్" అని, ఫోన్ తీసి వీడియో పట్టింది. చీమల్ని, గిన్నెని, రాత్రి వదిలేసిన పట్టీలు తీసుకోవడానికొచ్చి నిలబడ్డ నన్ను. మధ్యాహ్నానికల్లా ఆ వీడియో అల్ తుమామాలో ఉండే మేడమ్ చెల్లెలి ఇంటిదాకా వెళ్ళింది. మేడమ్ తిట్టలేదు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. తిట్టయితే నా ఒక్కదానిది. నవ్వు పదిమందికీ పంచుకోవడానికి వీలుగా ఉంటుంది. నవ్వాక మాత్రం, నా వంక కాకుండా కిటికీ వంక చూస్తూ, "దీనికి ఇదే తెలియకపోతే అక్కడ పాపని ఏం చూస్తుంది?" అంది.

వంటగదిలోకి వచ్చి నిలబడ్డాను. చిచ్చా టీ తాగుతున్నాడు.

"గిదేంది బిడ్డా, చెక్కలకు పాకం పట్టినవంట?" అన్నాడు. "జిలేబీలు చేస్తానవా ఏంది?"

"ఊరుకో భాయ్, పిల్ల ఏడుస్తుంది" అంది పిన్ని. నా వైపు తిరిగి, "మధ్యలో నా చేతులకి ఏదో అయిందే. ఆ చుట్టాల స్నానాలగదిలో కొత్త సబ్బు పెట్టావుగా, ఎంత రుద్దినా నురగ రాదు, చేతులు జారిపోతన్నాయి. గిన్నె పట్టుకుంటే గిన్నె జారిపోయింది" అంది.

అప్పుడు వెలిగింది నాకు. పరిగెత్తుకుని వెళ్ళి ఆ బిళ్ళలు తెచ్చాను. అదీ అసలు వ్యాక్స్. మైనం. నీలం బిళ్ళ మీద పిన్ని వేళ్ళ ముద్రలు లోతుగా దిగి ఉన్నాయి.

మేడమ్ అన్న షాపు పార్లరు కాదు, స్కీల షాపు. అక్కడ ఎలాగూ ఖాళీ లేదు కాబట్టి అవి మళ్ళీ నా మీదే పడ్డాయి. ఈసారి అది చెక్కల పని కాదు, నా ప్రయాణం. గోరువెచ్చటి నీళ్ళతో పాకమంతా కడిగాను. పంచదార కరిగిపోయే గుణం ఉన్నది కాబట్టి బతికిపోయాను. అంచులు తుప్పు పడతాయని చిచ్చా తన కారు గుడ్డతో వెంటనే తుడిచాడు. తర్వాత ఫోన్లో ఒక వీడియో వెతికాను. అందులో మనిషి ఏదో యూరప్ భాష మాట్లాడుతున్నాడు. మాట మానేసి అతని చేతుల్నే చూశాం. పైగదిలో రెండు కుర్చీలు తిరగేసి, వాటి కాళ్ళ మధ్య తువ్వాళ్ళు చుట్టి, స్కీని కదలకుండా బిగించాం. బూటు తగిలించే చోట రెక్కల్లా లేచే బ్రేకుల్ని వెనక్కి మడిచి, పిన్ని కొత్తిమీర కట్ట నుంచి ఊడదీసిన రబ్బరు బ్యాండు వేశాం. ఇస్త్రీపెట్టె వేడెక్కాక మైనం బిళ్ళని దానికి ఆనిస్తే, కరిగి బొట్లు బొట్లుగా స్కీ మీద పడుతుంది. ఆ బొట్లని ఇస్త్రీపెట్టెతో పొడవునా పరవాలి. ఎక్కడా ఆగకూడదు, ఆగితే అడుగు కాలిపోతుంది.

అంతకుముందే ఒక చిక్కు వచ్చింది. మూడు రంగులెందుకో బిళ్ళల మీద సన్నటి అక్షరాల్లో రాసి ఉంది. నీలం బాగా చల్లటి మంచుకి, ఎరుపు అంత చల్లగా లేని మంచుకి, ఊదా రెంటికీ మధ్య. మంచులో చల్లనిదీ చల్లగా లేనిదీ ఉంటుందా అని ముగ్గురం మొహాలు చూసుకున్నాం. పెద్దపాపని అడగాలి. నేను అడగను కదా.

"ఫ్రీజర్ల చెయ్యి పెట్టు బిడ్డా. అంతకన్న సల్లగుంటదా, తక్కువుంటదా, గదే హిసాబు" అన్నాడు చిచ్చా.

పెట్టాను. రెండు హమ్మూర్ చేపల మధ్య, వేళ్ళు మొద్దుబారేదాకా. ఏమీ తేలలేదు, చేపలు తప్ప. ఈలోగా చిన్నపాప వచ్చి నా కొంగు పట్టుకుంది. ఆ వంటగదిలో మంచు చూసిన మనిషి ఆమె ఒక్కతే. మంచు ఎంత చల్లగా ఉంటుందమ్మా అని అడిగాను (పెద్దవాళ్ళని అడగలేనిది పిల్లల్ని అడగగలను). "ఏడుపొచ్చేంత" అంది. నీలం తీశాను.

మైనం చల్లారాక ప్లాస్టిక్ రేకుతో గీకెయ్యాలి. పూసినదంతా, దాదాపు మొత్తం, ముందునుంచి వెనక్కి గీకి తీసెయ్యాలి. ఇది చూసి పిన్నికి కోపమొచ్చింది. "తీసెయ్యడానికేనా పూసింది? మరి నీ హలావాకీ దీనికీ తేడా ఏంటే?" అంది. నిజం చెప్పాలంటే పెద్ద తేడా లేదు. పూయడం, లాగెయ్యడం, కంటికి కనబడని నునుపు మిగలడం. చివరికి బ్రష్షు రుద్దాక ఆ నల్లటి అడుగులో నా మొహం మసకగా కనబడింది. వీసా ఫొటోలో కంటే బాగుంది.

పెద్దపాప వచ్చి వేలు రాసి చూసింది. ఇంకోసారి రాసి చూసింది. "షాపు కంటే బాగుంది" అంది. మేడమ్ కూడా పైకి వచ్చి చూసింది, తన చెల్లెలికి ఫోటో పంపింది. ఆ రాత్రి పిన్ని ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన ఉన్ని కోటు నేను వేసుకుని చూసుకున్నాను. చేతులు పొడుగు. మడిచాను. బూట్లు మేడమ్ పాతవి ఇస్తానంది. గుమ్మం అక్కడ ఉంటుంది.

ప్రయాణం ముందురోజు మేడమ్ పిలిచి, చాలా ప్రేమగా చెప్పింది. వాళ్ళ చెల్లెలి కుటుంబం వారం తర్వాత బయలుదేరుతుందట. నా పని ఫొటోలో చూసి ముచ్చటపడిందట. వాళ్ళవీ, వాళ్ళ మరుదులవీ కలిపి ఎనిమిది జతలు రేపు పంపిస్తారట. "నువ్వు ఇక్కడ ఉంటేనే అవి అవుతాయి. పాప గురించి బెంగపడకు, హోటల్లో ఆయాలు ఉంటారు. నువ్వు బాగా చేశావు కాబట్టే" అంది.

ఆ చివరి మాట ఆమె మెచ్చుకోలుగానే అంది. వీసా ఉంది మేడమ్, కోటు ఉంది మేడమ్, నాకు ఒక్కసారి బూట్లు దులుపుకోవాలని ఉంది మేడమ్. ఇవన్నీ లోపలే వరసగా నిలబడ్డాయి. బయటికి మాత్రం "ఓకే మేడమ్" ఒక్కటే వచ్చింది. పాకం పూసి ఊరుకుని ఉంటే ఒకవేళ తీసుకెళ్ళేవాళ్ళా? ఏమో. పని చెడగొట్టినప్పుడు నన్ను వదిలేస్తామన్నట్టు మాట్లాడారు. బాగు చేసినప్పుడు వదిలేశారు. ఈ లెక్క ఎటునుంచి కూడినా నేను దోహాలోనే తేలుతున్నాను.

"సూడు బిడ్డా" అన్నాడు చిచ్చా, వాళ్ళని విమానాశ్రయంలో దింపి వచ్చి, ఎనిమిది జతలూ కారునుంచి దించుతూ. "గల్ఫ్‌ల పని ఖరాబ్ చేస్తే ఇంటికి తోల్తరు. మంచిగ చేస్తే ఇంకింత పని ఇస్తరు. నడుమ తీర్గ చెయ్యాలె. నేను ఇరవై ఏండ్ల సంది గట్లనే నడుపుతున్న."

పిన్ని పంచదార డబ్బా తెచ్చి ఆ స్కీల పక్కన పెట్టి, నా మొహం వంక చూసి, మళ్ళీ తనే తీసుకుపోయింది. ఆమె నాకు ఇచ్చిన ఓదార్పు అది. ఎనిమిది జతలకీ మైనమే పట్టించాను, ఒక్కదానికీ అడుగు కాలకుండా. నాకు కోపం ఉంది, చాలా ఉంది. కానీ కోపంతో పని చెడగొట్టడం కూడా ఒక విద్య. అదీ నాకు రాదు.

ఆఖరి జత గీకుతుంటే పెద్దపాప వీడియో కాల్ చేసింది. టోపీ, నల్ల కళ్ళద్దాలు, ఎర్రబడ్డ ముక్కు. అందరికంటే వేగంగా దిగిందట, వాళ్ళ బావలు ఎవరూ అందుకోలేకపోయారట, ఇదంతా నా వ్యాక్స్ వల్లేనట. ఒళ్ళు మండాల్సిన మాట. నాకు సంతోషం వేసింది. అక్కడ ఏ కొండ మీదో నా చేతిపని దూసుకుపోయిందని గుండె ఉబ్బింది. ఆ సంతోషం మీద నాకు ఇప్పటికీ కోపమే.

"నీకు మంచు చూపిస్తా, చూడు" అంది.

ఫోన్ అటూ ఇటూ ఊగింది. తర్వాత తెరంతా తెల్లగా అయిపోయింది. మచ్చ లేని తెలుపు, అక్కడక్కడా నూగులా, మెత్తగా. నేను చేతిలో రేకు కింద పెట్టి, ఫోన్ రెండు చేతులా పట్టుకుని, కళ్ళు ఆర్పకుండా చూశాను.

"చూశావా?"

"చూశాను" అన్నాను. అక్కడితో ఆగి ఉండాల్సింది. "ఇంత తెల్లగా ఉంటుందనుకోలేదు. ఎంత మెత్తగా కనబడుతోందో. పుస్తకాల్లో రాసినవాళ్ళు ఎవరూ సరిగ్గా రాయలేదు" అన్నాను. ఆ ఇంట్లో చేరాక నేను మాట్లాడిన అతి పొడుగైన మాట అదే.

తెర మీది తెలుపు కొంచెం కదిలింది.

"అది నా గ్లవ్" అంది పెద్దపాప. "ఆగు, తీస్తాను."

తీసేలోపు నెట్ పోయింది. మళ్ళీ చెయ్యలేదు. పిలుపులొచ్చి ఉంటాయి, కొండలున్నాయి, ఆమెకి బోలెడు పనులు.

ఇప్పుడు నేను మెసైమీర్‌లో ఒక చిన్న నర్సరీలో పనిచేస్తున్నాను. పిల్లలకి బొమ్మల పుస్తకాలు చదివి వినిపించడం నా పని. దాచుకోకుండా పుస్తకం పట్టుకోవడానికి జీతం కూడా ఇస్తారు. పాస్‌పోర్టులో ఆ వీసా పేజీ గడువు తీరిపోయి అలాగే ఉంది, ఒక్క ముద్రా పడకుండా. అది చూసినప్పుడు మనసు చేదెక్కుతుంది, ఆ చేదు ఎవరితోనూ చెప్పను. కానీ ఏదో ఒక పుస్తకంలో తెల్లటి కొండలున్న పేజీ వస్తుంది. పిల్లలు, "టీచర్, మీరు మంచు చూశారా?" అంటారు. తిరగేసిన కుర్చీల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చేతి తొడుగుని అంత మనస్ఫూర్తిగా మెచ్చుకున్న ఆ పిల్ల కళ్ళ ముందుకొస్తుంది. నవ్వొస్తుంది.

"చాలా దగ్గరగా చూశాను" అని చెప్పి, పేజీ తిప్పుతాను.